తెలీకనా, కావాలనా

సారు పోయాడన్న కబురు తెచ్చిన మనిషి "మన ఈల సారు పోయినాడన్నా" అన్నాడు. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. అనంతపురం నుంచి ఇటు తాడిపత్రి దాకా, అటు గుంతకల్లు దాకా బాస్కెట్‌బాల్ ఆడిన మా ఈడు వాళ్ళందరికీ ఆయన ఈల సారే. కన్నవాళ్ళు పెట్టిన పేరు స్కూలు రిజిస్టర్లో ఉండేది. ఇన్‌స్పెక్షన్ జరిగే రోజు తప్ప దానితో ఎవరికీ పని పడేది కాదు. నేనూ ఇక్కడ రాయను. రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి చెప్తున్నట్టు ఉంటుంది.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్ల నిక్కరు, తెల్ల చొక్కా, కాన్వాస్ బూట్లు. ఆ బూట్లకు రోజూ సుద్దముక్క రుద్దేవాడు. మ్యాచిలో అటూ ఇటూ ఉరుకుతుంటే సుద్ద రాలి, ఆయన ఎక్కడెక్కడ నిలబడ్డాడో నేల మీద తెలిసిపోయేది. ఈలను అందరిలాగా మెడలో వేసుకునేవాడు కాదు. ఎడమ చేతి మణికట్టుకు దారంతో కట్టుకునేవాడు. ఎందుకు సార్ అంటే, "మెడలో ఉంటే నోటికి శానా దగ్గరప్పా, తొందరపడతాది. చెయ్యి లేపేలోపల ఒక తూరి ఆలోచన చేసుకోవచ్చు" అనేవాడు. అంత ఆలోచించినా ఆయన ఈల ఎప్పుడూ ఆలస్యంగా మోగినట్టు నాకు గుర్తు లేదు.

ఎవరిచ్చినా నీళ్ళు ముట్టేవాడు కాదు. మా సీమ ఎండలో మధ్యాహ్నం మ్యాచి మొదలుపెడితే ఆడేవాళ్ళకంటే ముందు చూసేవాళ్ళకు నాలుక పిడచగట్టుకుపోతుంది. అట్లాంటి ఎండలో కూడా తన మరచెంబులో తెచ్చుకున్న నీళ్ళే తాగేవాడు. అవి అయిపోతే అంతే. రాప్తాడులో ఒకసారి మ్యాచి ముగిశాక కూడా ఆ ఊరి పెద్ద ఇచ్చిన మజ్జిగ వద్దన్నాడు. ఆ పెద్ద నొచ్చుకున్నాడు.

"మా మజ్జిగ ఏం పాపం చేసింది సారూ?"

"మజ్జిగ మంచిదే అన్నా. మళ్ళ నెల మ్యాచికి వచ్చేసరికి కూడా దాని రుచి నా నోట్లోనే ఉంటాది. అప్పుడు మీ పిల్లోడు ఎవున్నన్నా తోసినా నాకు అగుపడదు."

ఊరి పెద్ద నవ్వేశాడు. సారు నవ్వలేదు, నిజంగానే చెప్పాడు కాబట్టి.

అప్పట్లో మా కోర్టులన్నీ గరుసు నేలలే. బోర్డులు పలకలతో కొట్టినవి. ఇనుప రింగుకు వల ఉంటే గొప్ప. గీతలు సున్నంతో గీయాలి. కరువు ముదిరిన ఏడాదుల్లో సున్నం కలపడానికి నీళ్ళు దండగని, హాస్టలు పొయ్యిలోంచి బూడిద తట్టకెత్తుకొచ్చి దానితో గీసేవాడు. హాఫ్ టైము వచ్చేసరికి గాలి సగం గీతలను ఊడ్చుకుపోయేది. ఆటగాళ్ళు నీడకు పోయి కూర్చుంటే ఆయన వంగి మళ్ళీ గీసేవాడు. నడుము పట్టుకుని లేస్తూ మమ్మల్ని చూసి, "గీత లేకుంటే మీకేమిరా, యాడబడితే ఆడ దొర్లుతారు" అని తిట్టేవాడు.

ఇక ఆయనకు మాత్రమే ఉన్న పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ కథంతా దాని మీదే నడిచింది. ఆట చూడటానికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా సేద్యగాళ్ళు. ఈల ఎందుకు మోగిందో, రెఫరీ చెయ్యి ఎందుకు లేచిందో వాళ్ళకు తెలియదు. అందుకని స్కోరు రాసేవాళ్ళకు సైగ చేశాక సారు జనం వైపు తిరిగి, ఆ ఫౌల్ ఎట్లాంటిదో అరిచి చెప్పేవాడు. ఆయనకు రెండే మాటలు. పొరపాటున తగిలి ఉంటే "తెలీక!" అనేవాడు. ఉద్దేశంతో కొట్టి ఉంటే "కావాలనే!" అనేవాడు. కావాలని పెద్ద దెబ్బే కొట్టి ఉంటే వాణ్ణి ఆట బయటికి పంపేవాడు. ఏ రూల్సు పుస్తకంలోనూ లేని పద్ధతి అది. జనానికి మాత్రం అదే ఆటకంటే బాగుండేది. ఈల మోగగానే అంతా నోరు మూసుకుని ఆ మాట కోసం కాచుకునేవాళ్ళు.

ఎదుటివాడి మనసులో ఏముందో ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్న నేనే ఒకసారి ప్రాక్టీసు అయ్యాక అడిగాను.

"మనసుతో నాకేం పనిరా? అది దేవుడు చూసుకుంటాడు. నాకు చేతులు, కాళ్ళు, కండ్లు చాలు" అన్నాడు. నన్ను లేపి నిలబెట్టి, నా చేతికి బంతి ఇచ్చి, తను పక్కనుంచి మీదికి వచ్చి చూపించాడు. "బంతి కోసం దుమికేటోని కండ్లు బంతి మీద ఉంటాయి. అది ఒకటి. బంతి అందేంత దూరంలో ఉండాదా లేదా, అది ఇంకొకటి. అందదని తెలిసి కూడా చెయ్యి లేచిందంటే దానికి బంతితో పని లేదు. ఈ రెండిట్లో మనం మోసపోవచ్చు. మూడోది ఉండాది చూడు, దాంట్లో మోసం లేదు."

"ఏంది సార్ అది?"

"దెబ్బ తగిలినాక చెయ్యి ఏం చేస్తాదో చూడల్ల. తెలీక కొట్టినోని చెయ్యి, పడేటోన్ని పట్టుకోనీకి పోతాది. కావాలని కొట్టినోని చెయ్యి దాసుకోనీకి పోతాది."

అంతే చూసేవాడు. ఎవరినీ అడిగేవాడు కాదు. "సార్, నేను కావాలని చెయ్యలేదు సార్" అని ఎవడైనా బతిమాలితే "నిన్ను ఎవరడిగినారప్పా?" అని పక్కకు జరిగిపోయేవాడు. ఒక ఏడు టీచర్లకూ పిల్లలకూ మ్యాచి పెడితే మా హెడ్మాస్టరు పంచె ఎగ్గట్టి దిగాడు. బంతి పోగొట్టుకున్న ఉక్రోషంలో ముందు ఉరుకుతున్న పిల్లవాడి నిక్కరు పట్టుకుని లాగాడు. ఈల మోగింది. "కావాలనే!" అని అరిచాడు సారు. మైదానం గొల్లుమంది. హెడ్మాస్టరు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. "నేనేం చేసేది? ఈల ఊదినాక గూడా ఆయప్ప చెయ్యి నిక్కరు మీదనే ఉండె" అని సారు అందరికీ చెప్పుకున్నాడు.

ఆ మాటకు ఎంత విలువ వచ్చిందంటే ఊళ్ళవాళ్ళు తగాదాలు తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. పక్కవాడి మేకలు చేలో పడ్డాయి, తెలీక వదిలాడా, కావాలనే వదిలాడా, నువ్వొచ్చి చూసి చెప్పు సారూ అని ఒకాయన స్కూలు గేటు దాకా వచ్చాడు. "మేకలకు నిక్కర్లు తొడిగి కోర్టులోకి తోలకరాపో, అప్పుడు ఊదుతా" అని పంపేశాడు సారు. అతను పోయాక నవ్వు ఆపుకుని మాతో అన్నాడు, "గీత బయట నావీ మీ మాదిరి కండ్లేనప్పా. నన్ను ఆడికి లాగొద్దండి."

ఆయన పొరపాటు అక్కడే ఉంది. తాను గీత బయటికి పోకపోతే తన మాట కూడా పోదనుకున్నాడు.

మన రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, ఒక పల్లెలో జరిగిన మ్యాచిలో ఒక కుర్రవాడు మోచేత్తో ఇంకొకడి నోటి మీద కొట్టాడు. రెండు పళ్ళు ఊడాయి. సారు చూశాడు, "కావాలనే!" అని ఎప్పటిలాగే గొంతు చించుకుని అరిచాడు, వాణ్ణి బయటికి పంపాడు. మూడో రోజు పట్టపగలు ఆ కొట్టిన కుర్రవాడి ఇంటి ముందు వేరుశనగ కట్టె వామి కాలిపోయింది. పదో రోజు వాడు బస్సు దిగిన చోట పళ్ళు ఊడినవాడి మనుషులు నలుగురు చుట్టుకున్నారు. కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. పట్టుబడినవాళ్ళు పోలీసుల ముందు తడుముకోకుండా ఒకటే మాట చెప్పారట, "వాడు కావాలనే కొట్టినాడని ఈల సారే చెప్పె గదా."

సారు రోజూ ఆసుపత్రికి పోయి ఆ కుర్రవాడి మంచం పక్కన కూర్చునేవాడు. వాడికి అన్నం కలిపి పెట్టడం నేను చూశాను. వాడి తల్లి ఒకరోజు ఈయన ముందే గోడకు తల కొట్టుకుంది. ఈయన కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. బయటికి వచ్చాక నన్ను వెనకే వదిలి స్కూలు దాకా నడిచాడు.

తర్వాత కొన్ని మ్యాచిల్లో ఫౌల్ ఇచ్చి ఊరకుండిపోయాడు. జనం ఒప్పుకోలేదు. "చెప్పు సారూ, ఏదో చెప్పు" అని అరుపులు. చెప్పకపోతే ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవడం మొదలుపెట్టారు, అది ఇంకా ప్రమాదంగా తయారైంది. మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. కానీ అప్పటినుంచి "తెలీక" అని గట్టిగా, "కావాలనే" అని మెల్లగా అనేవాడు. జనం ఆ మెల్లగా అనే మాట వినడానికే ముందుకు వంగేవాళ్ళు. నాకు అది చూస్తే భయం వేసేది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. దాచి లాభం లేదు.

మా ఊరికీ ఓబులేసు వాళ్ళ ఊరికీ మధ్య వానాకాలంలో మాత్రమే పారే ఒక వంక ఉంది. ఓబులేసు, నేను ఒకే బెంచీలో కూర్చుని చదివాం. ఇద్దరికీ బంతి పట్టుకోవడం నేర్పింది సారే. చదువులయ్యాక వాడు అనంతపురంలో ఒక జట్టులో చేరాడు. నేను తాడిపత్రిలో బండల పాలిషు పనిలో కుదిరి, అక్కడి కుర్రాళ్ళతో కలిసి ఆడేవాణ్ణి. మా చిన్నాయన మా ఊళ్ళో ఒక పక్షానికి పెద్ద. ఓబులేసు వాళ్ళ నాయన వంక అవతల పెద్ద. ఎన్నికల్లో చెరొక వైపు. అది ఎప్పుడూ ఉండేదే. ఆ ఏడు మాత్రం వానలు బొత్తిగా లేక వంకలో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. రెండు ఊళ్ళవాళ్ళూ ఆ ఇసుకలోనే చెలమలు తోడుకుని కడవలు నింపుకోవాలి. ఒక పొద్దున లేచి చూస్తే చెలమలన్నీ రాళ్ళతో పూడ్చేసి ఉన్నాయి. అవతలివాళ్ళే పూడ్చారని మావాళ్ళు అన్నారు, మేమే పూడ్చామని వాళ్ళు అన్నారు. ఎవరు చేసిందీ నాకు ఇప్పటికీ తెలియదు.

అది జరిగిన పది రోజులకు అనంతపురంలో ఫైనల్ మ్యాచి. వాడి జట్టుకూ మా జట్టుకూ. ఆ పొద్దున మా చిన్నాయన నా పక్కన కూర్చుని, బీడీ చివరిదాకా తాగి, "వాడు కప్పు ఎత్తుకోని వంక దాటగూడదు" అన్నాడు. ఏం చెయ్యమంటున్నాడో నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఉండే ధైర్యం నాకు లేకపోయింది.

రెండు ఊళ్ళవాళ్ళూ వచ్చారు. మావాళ్ళు తూర్పు గీత పక్కన, వాళ్ళు పడమటి గీత పక్కన నిలబడ్డారు. ఎప్పుడూ ఉండే ఈలలు, కేకలు లేవు. వెనక రెండు వైపులా ఎద్దులబండ్లు విడిచి ఉన్నాయి. ఆ బండ్ల నిండా గడ్డి. ఎద్దులకు మేత దొరకని ఏడాది, ఎముకలు తేలిన ఆ ఎద్దులు నేల మీద ఎండు పుల్లలు నాకుతున్నాయి, ఎవరూ ఒక్క పిడికెడు గడ్డి తీసి వాటి ముందు వేయలేదు. ఆ గడ్డి కింద ఏముందో అందరికీ తెలుసు. నేను ఆ బండ్ల వైపు చూడకుండా బంతి ఆడిస్తూ ఉన్నాను.

సారు చూశాడు. రెండు వైపులా బండ్ల దాకా మెల్లగా నడిచి వెళ్ళి తిరిగి వచ్చాడు. మా పదిమందినీ వరసలో నిలబెట్టి, ఎదుటివాణ్ణి గీరేంత పెరిగాయేమోనని ఎప్పటిలాగే గోళ్ళు చూశాడు. నా దగ్గరా, ఓబులేసు దగ్గరా కొంచెం ఎక్కువసేపు చేతులు పట్టుకున్నాడు. ఆయన చేతులు చల్లగా ఉన్నాయి.

"ఈ పొద్దు నాకు పని పెట్టొద్దండప్పా" అన్నాడు మా ఇద్దరికీ మాత్రమే వినపడేట్టు.

ఆట చివరిదాకా పెద్దగా పని పెట్టలేదు మేం. ఆఖరి నిమిషంలో మేం రెండు పాయింట్లు ముందున్నాం. ఓబులేసు బంతి లాక్కుని మా రింగు వైపు ఉరికాడు. ముందు ఎవరూ లేరు. నేను వెనక ఉన్నాను, అందుకోలేనని నాకు తెలుసు. వాడు రింగు కింద గాలిలోకి లేచాడు. నేను బంతి వైపు చూడలేదు. వాడి నడుము చూశాను, భుజంతో పక్కనుంచి గుద్దాను. వాడు రింగు స్తంభం కింద పాతిన బండ మీద మోకాలితో పడ్డాడు. ఆ చప్పుడు రెండు వైపులా వినపడింది.

ఈల మోగింది. నేను నిలబడి ఉన్నాను. నా కుడి చెయ్యి నా వీపు వెనక ఉంది. అది ఎప్పుడు అక్కడికి పోయిందో నాకు తెలియదు.

సారు వచ్చి నా ముందు నిలబడ్డాడు. వీపు వెనక ఉన్న చేతిని చూశాడు. పడమటి గీత దగ్గర ఇద్దరు మనుషులు అప్పటికే వెనక్కి తిరిగి బండ్ల వైపు నడుస్తున్నారు. మా చిన్నాయన కూడా తువ్వాలు దులిపి నడుముకు బిగించాడు. ఈయన ఒక్క మాట అంటే చాలు. మెల్లగా అన్నా చాలు. ఆ కోర్టు మీదనే ఎందరు పడేవాళ్ళో, అందులో మొదటివాణ్ణి నేనే అయ్యేవాణ్ణి.

అప్పుడు సారు ఎన్నడూ చేయని పని చేశాడు. నన్ను అడిగాడు.

"బంతి చూసినావా, మనిషిని చూసినావా?"

నేను నేల వైపు చూశాను. మళ్ళీ అడిగాడు.

"బంతినే సార్" అన్నాను.

ఆయన తల ఊపాడు. కోర్టు మధ్యకు నడిచి, పడమటి వైపు తిరిగి, "తెలీక!" అన్నాడు. తూర్పుకు తిరిగి ఇంకోసారి అన్నాడు. మళ్ళీ పడమటికి తిరిగి మూడోసారి అన్నాడు. ఆయన ఒకే ఫౌల్‌ని మూడుసార్లు చెప్పడం ఎవరూ ఎరగరు.

బండ్ల వైపు నడుస్తున్న ఇద్దరూ ఆగిపోయారు. ఓబులేసు వాళ్ళ నాయన సారు వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి "సారు చెప్పినాడు గదా. పిల్లోన్ని ఎత్తండి" అన్నాడు. ఓబులేసును ఎత్తి ఆ గడ్డి మీదనే పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ ఫౌల్‌కు ఇచ్చిన రెండు ఫ్రీ త్రోలు వాడి బదులు ఇంకొకడు వేస్తే ఒకటి పడింది. ఒక్క పాయింటుతో మేం గెలిచాం. ఆ కప్పు ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. మావాళ్ళు అది నా సిగ్గు అనుకున్నారు, సిగ్గే అది.

ఓబులేసు కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. వాడు మళ్ళీ ఆడలేదు. సారు మళ్ళీ ఈల ఊదలేదు. "కండ్లు ఆనడం లేదప్పా" అని చెప్పి తప్పుకున్నాడు. ఆ కళ్ళతోనే ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుని సన్న అక్షరాల బైబిలు చదివేవాడు. మ్యాచిలున్నప్పుడు పొద్దున్నే వచ్చి గీతలు గీసి, ఆట మొదలుకాకముందే వెళ్ళిపోయేవాడు.

నాలుగేళ్ళ తర్వాత ఒకరోజు ధైర్యం చేసి ఆయన ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో కూర్చుని బూట్లకు సుద్ద రుద్దుకుంటున్నాడు. చెబుదామనే పోయాను. "సార్, ఆ పొద్దు..." అని మొదలుపెట్టాను.

"చెనిక్కాయ పంట ఎట్లుండాదిరా మీ పక్క?" అని అడ్డం వచ్చాడు.

"ఊడలు దిగలేదు సార్. అది కాదు సార్, ఆ పొద్దు నేను..."

ఆయన బూటు కింద పెట్టాడు.

"తప్పు నాదిరా. రెఫరీ అడగగూడదు. చూడల్ల, చెప్పల్ల, అంతే. అడిగినానంటే నా బరువు తెచ్చి నీ నెత్తిన పెట్టినట్టు. ఇరవై ఏండ్ల పిల్లోడివి, చుట్టూ ఆ బండ్లు, నువ్వేం చెప్తావు? చెప్పేది నాకు ముందే తెలుసు. తెలిసే అడిగినా."

"మీరు అట్ల అనకపోతే నేను ఉండేవాణ్ణి కాదు సార్."

"ఉండావు గదా. ఉండు. సుమ్మనుండు" అన్నాడు. ఇంక ఆ మాట ఎత్తనివ్వలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నేను తాగి, ఏడుపు ఆపుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఏళ్ళన్నీ నేను బస్సులో కిటికీ పక్కన కూర్చోకుండా, వంక దగ్గర పొద్దు వాలాక నడవకుండా బతికాను. ఏమీ జరగలేదు. జరగకపోయే కొద్దీ భయం తగ్గాలి, నాకు తగ్గలేదు. ఓబులేసు ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాణ్ణి. వాడు కుంటుకుంటూ వెళ్ళిపోయేవాడు. వాడి తమ్ముళ్ళు ముగ్గురూ నా కళ్ళముందే పెద్దవాళ్ళయ్యారు.

ఈ మంగళవారం సారును సమాధుల దొడ్డికి తెచ్చారు. ఆయన చేత గోళ్ళు చూపించుకున్నవాళ్ళు ఎందరో వచ్చారు. వంకకు అటువాళ్ళు, ఇటువాళ్ళు కూడా వచ్చారు. మా చిన్నాయన మాత్రం ఒంట్లో బాగాలేదని రాలేదు. పాస్టరు ప్రార్థన చదువుతుండగా ఓబులేసు కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పదేళ్ళలో అదే మొదటిసారి.

"నీతో ఒక మాట" అన్నాడు సారును పడుకోబెట్టిన పెట్టె వైపే చూస్తూ. "నేను మంచంలో ఉండంగా సారు మా ఇంటికి వచ్చినాడు. ఎవరూ లేనప్పుడు నా కాడ కూసోని, నేను అబద్ధం చెప్పినా ఓబులేసూ, వాడు కావాలనే చేసినాడు అన్నాడు. దెబ్బ తిన్నోనివి, నీకైనా నిజం తెలియల్ల అన్నాడు."

నేను వాడి వైపు తిరిగాను.

"ఎవరికి చెప్పినావు?" అన్నాను.

"ఎవరికీ లే. నేను బతికుండేదాకా మీవాళ్ళకు చెప్పొద్దు అని చెయ్యి పట్టుకున్నాడు. మాటిచ్చినా." కర్ర ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నిన్నటితో ఆ మాట అయిపోయె."

అవతల వేపచెట్టు కింద వాళ్ళ నాయన కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. వెనక ముగ్గురు తమ్ముళ్ళు నిలబడి ఉన్నారు.

"నువ్వు చెప్తావా, నేను చెప్పల్నా?" అన్నాడు ఓబులేసు. "నేను చెప్తే మా తమ్ముళ్ళు నీ ఇంటికొస్తారు. ఆపనీకి నా చేత కాదు."

"నేను చెప్తే?"

"తెలీదు. మా నాయన ఇష్టం."

వాడి గొంతులో కోపం లేదు. అలిసిపోయినవాడి గొంతు అది. పదేళ్ళుగా ఈ నిజాన్ని ఒంటరిగా మోసింది వాడే అని అప్పుడు తెలిసింది నాకు. నేను భయాన్ని మాత్రమే మోశాను.

నేను నడిచి పోయి ఆ ముసలాయన ముందు నిలబడ్డాను. తమ్ముళ్ళు ఒక అడుగు ముందుకు వచ్చారు. చేతులు రెండూ ముందుకు పెట్టుకుని చెప్పాను, "పెద్దాయనా, ఆ పొద్దు నేను తెలీక చెయ్యలేదు. కావాలనే గుద్దినా. సారు అడిగితే అబద్ధం చెప్పినా."

ముసలాయన తలెత్తి నా మొహం వైపు చూశాడు.

"సారుకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసే తెలీక అన్నాడా?"

"ఊఁ."

ఆయన పెట్టె వైపు చూశాడు. "గడ్డిబండ్లు చూసి అనింటాడు" అన్నాడు తనలో తాను. వెనక పెద్ద తమ్ముడు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. "సుమ్మనుండండ్రా. ముందు సారును మట్టిలో పెట్టనీ."

పెట్టాం. అందరితోపాటు ఆయనా లేచి వచ్చి ఒక పిడికెడు మట్టి వేశాడు, నేనూ వేశాను. చేతులు దులుపుకుని పోతూ నా దగ్గర ఆగాడు.

"ఆదివారం పొద్దున వంక దాటి మా ఇంటికి రా" అన్నాడు. "ఒక్కనివే రా. మీ చిన్నాయనకు చెప్పొద్దు."

మంచికి పిలిచాడో చెడుకు పిలిచాడో ఆ మొహం చూస్తే తెలియలేదు. ఓబులేసును అడుగుదామనుకున్నాను. వాడు అప్పటికే కర్ర పొడుచుకుంటూ దొడ్డి గేటు దాటి వెళ్ళిపోయాడు.

రేపు ఆదివారం. మా చిన్నాయనకు చెప్పలేదు.